కబురందని ఆకలి

ఆదిలక్ష్మి పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉంది. కొత్తపేట ఆసుపత్రిలో నర్సు తూచి చూసి, బరువు సరిగ్గా ఉందని చెప్పి తల్లి పక్కన పడుకోబెట్టింది. తల్లి మాణిక్యానికి అది రెండో కాన్పు. తొలిచూలు మగపిల్లాడు మూడేళ్ళు నిండకుండానే రొమ్ము పట్టేసి, ఊపిరందక పోయాడు. బొద్దుగా ఉండేవాడనీ, ఊళ్ళో వాళ్ళ కళ్ళు పడ్డాయనీ ఇంట్లో అనుకునేవారు. అందుకని ఈ పిల్లకి బుగ్గ మీదా అరికాలిలోనూ దిష్టి చుక్క పెట్టి, నలుగురి కంటా పడకుండా పెంచారు.

నెల తిరిగేసరికి పిల్ల పాలకి ఏడవడం మొదలుపెట్టింది. పసిపిల్లలు ఆకలేసి ఏడుస్తారు, తాగి ఊరుకుంటారు. ఇది తాగి ఏడ్చేది. రొమ్ము వదిలితే ఏడుపు, సీసా ఖాళీ అయితే ఏడుపు. మొదట్లో మాణిక్యం మురిసిపోయింది. "మా పిల్లకి తిండిపుష్టి ఎక్కువండి" అని ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకుంది. ఏడాది నిండేసరికి చంకనెత్తుకుంటే నడుం పట్టేసేది. రెండేళ్ళు వచ్చేసరికి గొప్పగా చెప్పుకోవడం మానేసింది.

తండ్రి వెంకటరాజు కొబ్బరికాయల ఒలుపుకి వెళ్ళేవాడు. మాణిక్యానికి అతను సొంత మేనమామ. ఇంటి వెనక రెండు గేదెలుండేవి. ఆదిలక్ష్మికి అయిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం వెంకటరాజు పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాడు. పిల్ల కుడితి గోలెం దగ్గర కూర్చుని, గేదెకి నానబెట్టిన తెలగపిండి పిడికిళ్ళతో తోడుకుని తింటోంది. గేదె పిల్లని మూతితో నెడుతోంది. పిల్ల గేదెని మోచేత్తో నెడుతోంది.

వెంకటరాజు పలుపు తాడు తెచ్చి, పిల్లని గేదె పక్కనే గుంజకి కట్టేశాడు.

"గేదె తిండి తినేదానివి గేదెల్లోనే ఉండవే" అన్నాడు.

పొద్దుపోయేదాకా అలాగే ఉంచారు. ఇరుగుపొరుగు వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూసి వెళ్ళారు. ఇది జరిగిన చాలా ఏళ్ళకి కూడా ఆదిలక్ష్మికి ఆ జనం మొహాలు గుర్తు లేవు. గుర్తున్నది ఒక్కటే. తాడు పొడుగ్గా ఉంది. గోలెం అందింది. జనం వెళ్ళాక మిగతాది కూడా తినేసింది.

అక్కణ్ణుంచి మాణిక్యం అట్లకాడ పట్టుకుంది. అన్నం దొంగిలిస్తే చేతి మీద వాత, అబద్ధం చెబితే నాలిక మీద పెడతానని బెదిరింపు. వాతలు మోచేతి దాకా పాకాయి. ఏదీ పనిచెయ్యలేదు. పిల్ల పచ్చిబియ్యం తింది, వడియాల పిండి తింది, దేవుడి ముందు పెట్టిన బెల్లం ముక్క తింది. ఎవరూ చూడనప్పుడు తింది, అందరూ చూస్తుండగా కూడా తింది. ఆమె తర్వాత పుట్టిన హేమంత్ సన్నగా రివటలా ఉండేవాడు. వాడికి అక్క ఎదురుగానే గుడ్డు అట్టు వేసి పెట్టేవారు. వాడు సగం తిని వదిలేసేవాడు. ఆ మిగిలిన సగాన్ని మాణిక్యం కుక్కకి వేసేది. కూతురికి బుద్ధి రావాలని అలా చేసేది.

ఆదిలక్ష్మికి కడుపు నిండేది. నిండిందని తెలిసేది కూడా, బిగుసుకుపోయి నొప్పెట్టేది. ఆకలి మాత్రం కడుపులో ఉండేది కాదు. తలలో ఎక్కడో ఉండి, మంచి నిద్రలో ఉన్నవాణ్ణి ఇల్లు అంటుకుందని తట్టి లేపినట్టు లేపేది. ఆ మాట చెప్పడం ఆమెకి రాలేదు. అడిగినవాళ్ళూ లేరు.

పదేళ్ళప్పుడు వెంకటరాజు ఆమెని రావులపాలెం అరటి మార్కెట్టుకి తీసుకెళ్ళాడు. లారీకి గెలలు ఎత్తే పని దొరికిన రోజది. ఇంట్లో వదిలితే ఏమీ మిగలనివ్వదని వెంటబెట్టుకున్నాడు. గెలల మధ్య నిలబడ్డ పిల్లని చూసి ఒక వ్యాపారికి సరదా పుట్టింది.

"ఏం వెంకటరాజూ, మీ అమ్మాయిని ఓసారి కాటా ఎక్కించవయ్యా, ఎన్ని గెలలకి తూగుద్దో చూద్దాం" అన్నాడు.

వెంకటరాజు నవ్వాడు. కూతుర్ని రెక్క పట్టుకుని కాటా మీద నిలబెట్టాడు. బరువు పైకి చదివారు. హమాలీలు పని ఆపి వచ్చారు. ఆ వ్యాపారి చక్కెరకేళి గెల నుంచి పెద్ద అత్తం ఒకటి కోసి చూపించి, నిలబడ్డచోటే మొత్తం తింటే ఇంకోటి ఇస్తానన్నాడు. తినలేదని కొందరూ, తింటుందని కొందరూ పందెం వేసుకున్నారు. ఆదిలక్ష్మి తింది. తొక్కలు కాటా మీద పోగుపడుతుంటే వాటి బరువు కూడా లెక్కెయ్యాలని ఎవరో అన్నారు. నములుతూ ఆమె చుట్టూ చూసింది. నవ్వని మొహం ఒక్కటీ లేదు. నాన్న మొహం కూడా. కానీ ఆ రోజు ఎవరూ తన చేతిలోంచి ఏమీ లాక్కోలేదు. ఆమెకి సంతోషంగానే ఉంది. నాన్న మీద ప్రేమ కూడా కలిగింది.

బడి ఏడో తరగతితో ఆగిపోయింది. తోటి పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు సమర్తాడుతుంటే, తాటాకు చాపలేసి కూర్చోబెడుతుంటే, నువ్వుల చిమ్మిలి ఉండలు ఇంటింటికీ పంచుతుంటే, ఆదిలక్ష్మికి మాత్రం ఆ ముచ్చట రానే లేదు. పద్దెనిమిది దాటినా రాలేదు. కొవ్వు అడ్డం పడిందని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు చెప్పాడు. మాణిక్యం ఆ సంగతి దాచిపెట్టి, దాచలేక, చివరికి కూతురి మొహం మీదే చెప్పేసింది.

"ఆడదానివీ కాకపోతివి, మొగాడివీ కాకపోతివి. నోరొక్కటే పుట్టింది నా కడుపున."

వెంకటరాజు గుండె ఆగి పోయాక గేదెల్ని అమ్మేశారు. ఆదిలక్ష్మి ఆత్రేయపురంలో పూతరేకుల పనికి కుదిరింది. కరుణ అనే ఆవిడ ఇంటి వెనక తాటాకు పాకలో పొయ్యిలుండేవి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద లాగితే కాగితంకంటే సన్నగా రేకు లేస్తుంది. పొయ్యి ముందు కదలకుండా కూర్చోవాలి. ఆదిలక్ష్మికి అది కలిసొచ్చింది. నెయ్యీ పంచదారా వేసి రేకులు చుట్టే గది ఇంట్లో ఉండేది. "ఆ గడప మాత్రం తొక్కకమ్మా" అని కరుణ మొదటి రోజే చెప్పింది. ఆదిలక్ష్మి తొక్కలేదు. విరిగిపోయిన ఒట్టి రేకుల్ని పోగుచేసి నీళ్ళలో నానేసుకుని తినేది. కరుణకి ఆ సంగతి తెలుసు. విరిగినవే కాబట్టి ఊరుకుంది.

నెయ్యి వాసన రోజంతా వచ్చేది. ఆ వాసనకి చేతులు వణికేవి. వణికిన చేత్తో రేకు లాగితే చిరిగిపోతుంది కాబట్టి వణుకుని భుజంలోకి లాక్కోవడం నేర్చుకుంది.

ఒకసారి యూట్యూబు వాళ్ళు కెమెరాతో వచ్చారు. రేకు తీయడం అంతా చక్కగా చిత్రీకరించుకుని, చివర్లో ఆదిలక్ష్మి వైపు తిప్పి, "రోజూ ఎన్ని తింటారు మేడమ్" అని అడిగారు. ఆమె బిత్తరపోయి చూసింది. ఆ చూపునే వీడియో మొదట్లో పెట్టారు. లక్షలమంది చూశారు. కింద జనం రాసినవన్నీ పాకలో పనిచేసే ఆడవాళ్ళు భోజనాల దగ్గర పైకి చదువుకుని నవ్వుకున్నారు. తీయించెయ్యమని ఆదిలక్ష్మి కరుణని అడిగింది.

"ఇప్పుడెందుకమ్మా, ఆర్డర్లు బాగా వస్తున్నాయి" అంది కరుణ.

ఆ తర్వాతి వానాకాలం ఆమె కాలు వాచి, తొడ దాకా ఎర్రబడి, జ్వరం తగిలింది. మాణిక్యం, హేమంత్ ఆమెని ఆటోలో అమలాపురం తీసుకెళ్ళారు. ఆటోవాడు వెనక సీటు మొత్తం ఒక మనిషికే పోయిందని గొణుక్కుంటూనే ఉన్నాడు. ఆసుపత్రిలో శ్రీకళ అనే డాక్టరు, ముప్ఫై ఏళ్ళ మనిషి, ముందు కాలు చూసింది. మందులు రాసింది. తరవాత కలం కింద పెట్టింది.

"మీకు ఎప్పట్నించి ఇంత ఆకలండీ?"

ఆదిలక్ష్మి గదిలో ఇంకెవరైనా నవ్వుతున్నారేమోనని చూసింది.

"పుట్టినకాణ్ణించీనండి. దీనికి నోరు కట్టుకోవడం తెలీదండి" అంది మాణిక్యం.

"నేను ఆవిణ్ణి అడుగుతున్నానండి."

ఆదిలక్ష్మి అమ్మ చెప్పిందే నిజమన్నట్టు తలూపింది. శ్రీకళ మిగతావన్నీ ఒక్కొక్కటే అడిగింది. సమర్త గురించి అడిగింది. తల్లిదండ్రుల చుట్టరికం అడిగింది. చనిపోయిన పిల్లాడి సంగతి అడిగింది. "వాడూ ఇలాగే పాలకి ఏడ్చేవాడండి" అని మాణిక్యం అనేసి, తనేం అందో తనకే అర్థం కానట్టు ఆగిపోయింది. రక్తం తీసి హైదరాబాదు పంపించారు.

కాలు తగ్గిన కొన్నాళ్ళకి శ్రీకళ ముగ్గుర్నీ పిలిపించి కూర్చోబెట్టింది.

"ఒంట్లో కొవ్వు ఊరికే పేరుకుని కూర్చోదండీ. లెప్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదుల్తుంది. ఇక్కడ నిల్వ ఉంది, ఇక తినక్కర్లేదు అని మెదడుకి పంపే కబురన్నమాట అది. మెదడులో ఆ కబురు అందుకోవడానికి కణాల మీద రిసెప్టర్లుంటాయి. ఆదిలక్ష్మిగారికి ఆ రిసెప్టరు తయారుచేసే జన్యువు పాడైంది. అమ్మ దగ్గర్నించి వచ్చిన జన్యువూ అంతే, నాన్న దగ్గర్నించి వచ్చిందీ అంతే. మీ ఇద్దరిదీ ఒకటే రక్తం కదండీ. మీకు చెరొకటి మంచిది ఉంది కాబట్టి మీకేమీ కాలేదు. ఈవిడకి రెండూ పాడైనవే వచ్చాయి."

"అయితే కబురు లేదాండి?" అని అడిగాడు హేమంత్.

"కబురుకేం, రక్తంలో కావలసినంత తిరుగుతోంది. అందుకునేది లేదు. అందుకని ఈ మనిషి తిండి లేక చచ్చిపోతోంది అనుకుంటుంది మెదడు. ఆకలి పెంచుతూనే ఉంటుంది. తిన్నది ఖర్చు కానివ్వదు. కరువులో ఉన్న ఒంటికి కాన్పులెందుకని సమర్త కూడా ఆపేస్తుంది. ఈవిడ పుట్టినప్పట్నించీ కరువులోనే ఉన్నారండీ."

"కరువేంటండీ, మా ఇంట్లో గింజలకి లోటెప్పుడండీ" అంది మాణిక్యం చిన్నబుచ్చుకుని.

దీనికి ఇక్కడ మందు లేదని శ్రీకళ చెప్పింది. కొందరికి లెప్టినే తయారవదు, వాళ్ళకి ఆ లెప్టిన్ ఇంజక్షను ఇస్తే సరిపోతుంది, అందుకునేదే లేనివాళ్ళకి అది దండగ అంది. కబురుతో పని లేకుండా మెదడులో ఆ తర్వాతి మెట్టు నుంచి పనిచేసే మందు ఒకటి బయటి దేశాల్లో పరీక్షిస్తున్నారంది. చివర్లో హేమంత్ వైపు తిరిగి, మేనరికం మాత్రం చేసుకోవద్దని గట్టిగా చెప్పింది.

"ఆయ్, అలాగేనండి" అంది మాణిక్యం.

బస్టాండుకి నడుస్తూ ఆ మాట వెనక్కి తీసుకుంది. "తిండిపోతుకి ఇంగ్లీషులో పేరు పెట్టింది, అంతే" అంది కొడుకుతో. ఆదిలక్ష్మి వెనక మెల్లగా వస్తోంది. తప్పు తనది కాదని ఒక చదువుకున్న మనిషి చెప్పింది. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. వినవలసిన నాన్న పోయి చాలా కాలమైంది. ముందు నడుస్తున్న అమ్మ విని కూడా వినలేదు.

మాణిక్యం తమ్ముడు సుబ్రహ్మణ్యేశ్వరరావు రాజోలులో ఉంటాడు. అతని కూతురు కుసుమని హేమంత్‌కి చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. ముహూర్తం పెట్టుకున్నారని తెలిసి ఆదిలక్ష్మి ఒక రోజు పని మానేసి రాజోలు వెళ్ళింది. కుసుమ డిగ్రీ చదువుతున్న పిల్ల. పెరట్లో జడ వేసుకుంటూ అంతా వింది.

"అయితే నాకు పుట్టేవాళ్ళు మీలా ఉంటారా వదినగారూ?"

"అందరూ కాదమ్మా. నాకొచ్చిన పాడు జన్యువు నీ ఒంట్లోనూ, తమ్ముడి ఒంట్లోనూ ఉంటే, నలుగుర్లో ఒకరు ఉండచ్చంట. ముందు రక్తం పరీక్ష చేయించుకోమంటున్నారు."

కుసుమ జడ కొసకి రబ్బరు బిగించి, ఆమెని పైనుంచి కిందికి చూసింది. "మీలా అవ్వాలంటే మీలా తినాలి కదండీ. నా పిల్లల్ని నేను అలా పెంచుకోను" అంది.

రెండు రోజుల్లో మాణిక్యం ఆత్రేయపురం పాకకి వచ్చింది. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళందరూ చూస్తుండగా కూతురి చెంప మీద కొట్టింది. "నీకు లేని కాపురం నీ తమ్ముడికి కూడా ఉండకూడదా" అని, పెళ్ళికి రావద్దని చెప్పి వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక పాకలో అందరికీ పంచమని లడ్డూలు పంపించారు. కరుణ పంచుతూ వచ్చి ఆదిలక్ష్మి దగ్గర ఆగింది.

"నువ్వు తినకూడదటగా" అని పక్కావిడకి రెండు ఇచ్చింది.

అయిదేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం పాక ముందు స్కూటీ ఆగింది. కుసుమ దిగింది. ముందు నిలబెట్టుకున్న పిల్లని దించడానికి ఆయాసపడింది. పిల్ల పేరు ఝాన్సీ. పొట్టి చేతులు, మణికట్టు దగ్గర మడతలు, మొహంలో కలిసిపోయిన కళ్ళు. ఆ కళ్ళు అక్కడున్న మనుషుల మొహాల్ని చూడలేదు. చేతుల్ని చూశాయి, ఎవరి చేతిలో ఏముందోనని. ఆదిలక్ష్మికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మా వల్ల కావట్లేదండి. మీరైతే దీని వేషాలన్నీ ముందే పసిగడతారు వదినగారూ. ఇంటికొచ్చేయండి" అంది కుసుమ.

అప్పుడన్న మాటకి క్షమించమని అడగలేదు. ఆదిలక్ష్మి కూడా గుర్తు చెయ్యలేదు. ఆ వారంలోనే కరుణతో చెప్పి, పని మానుకుని వచ్చేసింది.

కుసుమ అన్నది నిజమే. ఝాన్సీ చెయ్యబోయే ప్రతి దొంగతనం ఆదిలక్ష్మి ఎప్పుడో చేసినదే. వంటింటికి తాళం వేయించింది. ఫ్రిజ్‌కి గొలుసు కట్టించింది. చుట్టుపక్కల అయిదిళ్ళకీ వెళ్ళి, ఏడ్చినా కాళ్ళ మీద పడినా ఏమీ పెట్టొద్దని చెప్పొచ్చింది. తలగడ గలీబులో మరమరాలు, బడి సంచి అడుగున పచ్చిబియ్యం, లంగా నాడా దగ్గర కొబ్బరిముక్క, అన్నీ చెయ్యి పెట్టగానే దొరికేవి. శ్రీకళ చెప్పిన కొలత ప్రకారం పిల్లకి పెట్టేది, అదే కొలత తనకీ పెట్టుకుని పక్కన కూర్చుని తినేది. కొట్టేది కాదు, వాత పెట్టేది కాదు. అంతకు మించిన దయ ఆమె దగ్గర లేదు. పెట్టినా తీరదు, మానినా తీరదు. మానితే పిల్ల ఊపిరైనా ఆడుతుంది, తన అన్నకి చిన్నప్పుడే అందకుండా పోయిన ఊపిరి. ఆమెకి తెలిసినది ఇంతే. ఝాన్సీ ఆమెని రాక్షసి అనేది. తన తల్లిని ఆ మాట అనడానికి తనకి ధైర్యం చాలలేదని ఆదిలక్ష్మి గుర్తు చేసుకునేది.

ఇంత కాపలా కాస్తున్నా పిల్ల బరువు పెరుగుతూనే ఉంది. ఎక్కడి నుంచో తిండి వస్తోంది. ఆదిలక్ష్మి వెతికింది. చివరికి కొబ్బరికాయల పాక వెనక దొరికింది. మాణిక్యం పీట వేసుకుని కూర్చుని, పెరుగన్నంలో మాగాయ నంచి మనవరాలికి ముద్దలు పెడుతోంది. ముద్ద ముద్దకీ ఏదో కథ చెబుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పసిదానికి రెండు ముద్దలు పెడుతున్నానే. ఆకలేస్తందంటే చూడలేకపోతన్నాను."

"నాకు వెయ్యలేదా ఆకలి?"

మాణిక్యం చెయ్యి గిన్నె అంచుకి రాసింది. కోపంగా కాదు, బజారులో చూసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. "నిన్ను చూస్తే పెట్టబుద్ధయ్యేది కాదే. అసహ్యం వేసేది. దీన్ని చూస్తే వెయ్యట్లేదు. ఎందుకో నాకూ తెలవదు."

ఆదిలక్ష్మి గిన్నె లాక్కుంది. ఝాన్సీ ఆమె చెయ్యి కరిచింది, రక్తం వచ్చేలా కరిచింది. అమ్మ చేత్తో కలిపిన పెరుగన్నం వాసన ఆమె మొహానికి కొట్టింది. గిన్నెలోకి తాను ఎలా చూస్తోందో పిల్లా అలాగే చూస్తోంది. ఆదిలక్ష్మి వెనక్కి తిరిగి, నడవగలిగినంత వేగంగా నడిచి, పంటకాలవలో గిన్నెతో సహా పారేసింది.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది. అమ్మ ఉంటే నేనుండను, నేనుంటే అమ్మ ఉండకూడదు. పిల్ల బతకాలంటే ఎవరుండాలో నువ్వే తేల్చుకో. హేమంత్ తల్లిని రాజోలులో మావయ్య ఇంటికి పంపించేశాడు. మాణిక్యం సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పండక్కైనా వస్తానే, దూరంనుంచి చూసి పోతాను" అంది.

"వద్దు" అంది ఆదిలక్ష్మి. "నీ కొంగులో ఏదో ఒకటి ఉంటది."

తల్లి వెళ్ళిపోతుంటే తనకి జాలి వేస్తుందేమోనని కనిపెట్టి చూసుకుంది. వెయ్యలేదు.

ఝాన్సీకి ఆరేళ్ళు నిండాక శ్రీకళ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అప్పుడు చెప్పిన మందుని చెన్నైలో ఒక ఆసుపత్రి ద్వారా కొద్దిమంది పిల్లలకి ఇచ్చి చూస్తున్నారట. ఝాన్సీ పేరు రాయించానంది. ఆదిలక్ష్మి ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"పిల్లలకేనాండి?"

"పిల్లలకేనండీ. మీ గురించి కూడా రాశాను. మీ గుండె పరిస్థితి చూసి వద్దన్నారు. ఇప్పించలేకపోయానండీ."

"పర్లేదండి" అంది ఆదిలక్ష్మి. పర్లేదు అనడం ఆమెకి బాగా అలవాటైన పని.

హేమంత్, కుసుమ పిల్లని తీసుకెళ్ళి నెల రోజులుండి వచ్చారు. రోజూ పొద్దున్నే పొట్ట మీద చిన్న సూది. వచ్చిన రోజు మధ్యాహ్నం ఆదిలక్ష్మి ఎప్పటి కొలతే పెట్టింది. ఝాన్సీ తింటూ తింటూ ఆగింది. కంచంలో ఇంకా అన్నం ఉంది, బీరకాయ కూర ఉంది.

"చాలత్తా" అంది.

కుసుమ ఏడవడం మొదలుపెట్టింది. హేమంత్ బయటికి వెళ్ళిపోయాడు. ఆదిలక్ష్మి మాత్రం పిల్ల వైపు వంగి అడిగింది.

"చాలంటే ఎలా ఉంటదే?"

ఝాన్సీ ఆలోచించింది. "ఏమీ ఉండదత్తా" అని చెయ్యి కడుక్కోవడానికి పరుగెత్తింది.

ఏమీ ఉండకపోవడం ఎలా ఉంటుందో ఆదిలక్ష్మికి ఎంతకీ ఊహకి అందలేదు. కంచంలో మిగిలినది తీసుకుని తింది. ఆ రోజు నుంచీ పిల్ల వదిలినది ఆమె తినేది. కుసుమ చూసి చూడనట్టు ఉండేది. వంటింటి తాళం తీసేశారు. ఝాన్సీ రెండు మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది, గౌన్లు వదులయ్యాయి, బడిలో కబడ్డీ ఆడటం మొదలుపెట్టింది. ఇక కాపలా అక్కర్లేదు కాబట్టి ఆదిలక్ష్మి ఆత్రేయపురం వెళ్ళిపోతే బాగుంటుందని కుసుమ ఒకటి రెండుసార్లు హేమంత్‌తో అంది. గోడ అవతల ఉన్న ఆదిలక్ష్మికి వినపడింది. పాకలో తన పొయ్యి దగ్గర ఇంకెవరో కూర్చున్నారని కరుణ అప్పటికే చెప్పింది.

ఏడాది దాటాక ఆ మందు తయారుచేసే కంపెనీ ఇక్కడ పరీక్ష ఎత్తేసింది. ఈ జబ్బున్న పిల్లలు అనుకున్నంతమంది దొరకలేదన్నారు. మందు పంపడం ఆపేశారు. శ్రీకళ ఎక్కడెక్కడికో రాసింది. జవాబులు మర్యాదగానే వచ్చాయి. ఆఖరి సూది అయిపోయిన వారంలో కుసుమ తాళం కొత్తది కొనుక్కొచ్చింది. "మీరు ఎక్కడికీ వెళ్ళకండి వదినగారూ" అంది. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. అందరూ పిల్ల కంచం వైపు దొంగచూపులు చూస్తూ తిన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆదిలక్ష్మి అరుగు మీద కొబ్బరి మట్టలు ముందేసుకుని చీపుళ్ళకి కత్తితో ఈనెలు తీస్తోంది. ఝాన్సీ వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. భోజనం చేసి అరగంట కూడా కాలేదు.

"అత్తా, వచ్చేసింది."

"ఏంటి?"

"అదే. అన్నం మొత్తం తిన్నాను. అయినా వచ్చేసింది." గొంతులో ఏడుపు లేదు, భయం ఉంది. చిన్నప్పుడు ఆకలి తప్ప ఇంకోటి ఎరగని పిల్ల, ఇప్పుడు ఎరుగును. "సూది ఇంక ఇవ్వరా?"

"ఇవ్వరంటమ్మా."

ఝాన్సీ అత్త చేతుల వైపు చూసింది. మోచేతి దాకా ఉన్న పాత మచ్చలు చూసింది. తర్వాత మొహం వైపు చూసింది.

"నీకూ ఇలాగే ఉంటదా?"

"ఆయ్."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా."

"ఎప్పుడూ తగ్గలేదా, ఒక్కసారి కూడా?"

తల్లి అడగలేదు, తండ్రి అడగలేదు. శ్రీకళ అడిగింది గానీ, శ్రీకళకి అది తెలిసిన సంగతి కాదు. తీరడం అంటే ఏంటో తెలిసి, తీరకపోవడం అంటే ఏంటో తెలిసి అడిగిన మనిషి ఈ ఏడేళ్ళ పిల్ల ఒక్కతే. ఆదిలక్ష్మి చేతిలో కత్తి ఆగింది.

"తగ్గలేదమ్మా" అంది.

"మరి ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. ఏదో ఒక పని చేసుకుంటాను."

ఝాన్సీ వచ్చి అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది. ఒక ఆకు తీసుకుని గోరుతో చీల్చబోయింది. ఈనె మధ్యలో విరిగింది. ఆదిలక్ష్మి ఇంకో ఆకు తీసి, మొదలు ఎక్కడ పట్టుకోవాలో, ఎటు వైపు లాగాలో చూపించింది. పిల్ల రెండోది కూడా విరగ్గొట్టింది. మూడోది నిలిచింది. ఇద్దరూ తీస్తూ కూర్చున్నారు. అన్నం వేళకి ఇంకా చాలా పొద్దుంది.